సగం సాక్ష్యం

నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి ముందు రోజు సాయంత్రం ఏసుపాదం ఇంట్లో టీవీ పెట్టరు, గట్టిగా మాట్లాడుకోరు. భార్య ప్రేమమ్మ పొయ్యి దగ్గర పులియని రొట్టె కాలుస్తుంది. ఏసుపాదం తలస్నానం చేసి, చేతులు మోచేతుల దాకా తోముకుని, ఉడికించిన నల్లద్రాక్ష రసాన్ని తెల్లగుడ్డలో వడగట్టి సీసాకెత్తుతాడు. సంఘంలో నలుగురు పెద్దలున్నా బల్ల సిద్ధం చేసే పని నాలుగేళ్ళుగా అతనిదే. ఒకప్పుడు పొద్దు నెత్తికెక్కకముందే సారా కంపు కొట్టిన మనిషికి ఈ పని దక్కిందంటే పేటలో ఇప్పటికీ నోళ్ళు తెరుస్తారు. అదంతా ప్రభువు కృప అంటాడు ఏసుపాదం. అనడమే కాదు, నమ్ముతాడు కూడా.

ఆ శనివారం రసం వడగడుతుండగా దయామణి వచ్చింది. నాగాయలంక దాటాక, పొలాల నీళ్ళు సముద్రానికి పోయే డ్రెయిను గట్టు పొడుగునా ఉండే ఆ పేటలో ఆమెది చివరి ఇల్లు. యాభై దాటిన మనిషి, ఈ మధ్య మరీ చిక్కిపోయింది. చర్చికి వస్తుంది గానీ తొమ్మిదేళ్ళుగా వెనక గుమ్మం దగ్గరే కూర్చుంటుంది, బల్ల మొదలయ్యే వేళకి లేచి వెళ్ళిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు.

"వందనాలన్నయ్యా" అంటూ గుమ్మంలోనే కూలబడింది.

"వందనాలు చెల్లెమ్మా. కింద కూర్చున్నావేంటి, కుర్చీ వేసుకో."

"పర్లేదు. ఒక్క మాట చెప్పి వెళ్తాను. రేపు సంఘం రిజిస్టర్లోంచి నా పేరు కొట్టేయించండి."

ఏసుపాదం చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "అదేం మాటమ్మా?"

"బందరు ఆస్పత్రిలో ఫొటోలు తీశారు. కడుపులో గడ్డంట. బాగా ముదిరిందంట. నాలుగు నెలలో అయిదు నెలలో అన్నారు." కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. "నేను పోయాక నన్ను తోటలో పెట్టొద్దు. మా అబ్బాయి పక్కన, డ్రెయిను గట్టున పెట్టండి. పేరు రిజిస్టర్లో ఉంటే మీరు ఒప్పుకోరుగా."

అది నిజమే. సంఘంలో పేరున్నవాళ్ళు చనిపోతే చర్చి వెనక ప్రహరీ లోపలున్న సమాధుల తోటలోనే భూస్థాపన చెయ్యాలని కట్టుబాటు. ఇంట్లోవాళ్ళు ఇంకోచోట పెడతామన్నా చెల్లదు. ఆత్మహత్య చేసుకున్నవాళ్ళని మాత్రం తోట గేటు దాటనివ్వరు. వాళ్ళకి పాట ఉండదు, ప్రార్థన ఉండదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారని అడిగితే పెద్దలు పాస్టరు గారి వైపూ, పాస్టరు గారు పెద్దల వైపూ చూస్తారు.

"తోటలో ఉంటే మంచిది కదమ్మా. ప్రభువు మళ్ళీ వచ్చే రోజున..."

"ఆ రోజు గురించే నా బాధ." దయామణి తలెత్తింది. "బూర మోగుద్ది. తోటలో ఉన్నవాళ్ళంతా లేస్తారు. మావాడొక్కడూ గట్టు మీద ఉండిపోతాడు. వాడు పోయేది నరకానికేనని అందరూ అన్నారుగా. నేను పరలోకంలో కూర్చుని ఏం చెయ్యను? పాటలు పాడనా? నాకు రక్షణ వద్దన్నయ్యా. వాడెక్కడుంటే నేనక్కడికే పోతాను."

"అంత మాట అనకూడదు."

"చావమన్నది నేనే కదా. వాడు పుట్టి బుద్ధెరిగి నా మాట ఒక్కటి విన్నవాడు కాదు. ఆ ఒక్కటీ విన్నాడు."

పొయ్యి దగ్గర రొట్టె మాడిన వాసన వేసింది. ప్రేమమ్మ పెనం వైపు చూడటం లేదు, మొగుడి మొహం వైపు చూస్తోంది. దయామణి చెప్పాల్సింది అయిపోయినట్టు చీర కొంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ కుర్రాడు డ్రెయిన్లో దూకలేదని ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు.

తొమ్మిదేళ్ళ కిందట ఏసుపాదం గుడివాడ నాగభూషణరావు గారి రొయ్యల చెరువుకి కాపలాదారు. నీటికుక్కలు గట్టెక్కి రొయ్యల్ని తినిపోతున్నాయని చెరువు చుట్టూ జానెడెత్తున ఇనుప తీగ లాగి, మోటారు షెడ్డులోంచి దానికి కరెంటు ఇచ్చాడు. నాగభూషణరావు గారు చూసి, "ఇది తీసెయ్యవయ్యా, మనిషి ప్రాణం మీదికి వస్తుంది" అని చెప్పి వెళ్ళారు. తీస్తానన్నాడు, తీయలేదు. చీకటి పడ్డాక పెట్టి, జనం తిరిగే వేళకి ఆపేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. నాలుగు నెలలు అలాగే గడిచింది. ఆ తర్వాత ఒక రోజు తాగి పడుకున్నవాడు తెల్లగా తెల్లారేదాకా లేవలేదు. లేచి చూసేసరికి మంచులో, తీగ మీద, జాన్సన్ బోర్లా పడి ఉన్నాడు.

జాన్సన్ దయామణికి ఒక్కడే కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. తండ్రి లేడు. ముందు రోజు సాయంత్రం వాడు డిప్లొమా పరీక్ష మూడోసారి తప్పాడని తెలిసి దయామణి వీధిలో నిలబడి శోకాలు పెట్టింది. "ఎందుకురా నీ బతుకు, పోయి ఆ డ్రెయిన్లో దూకి చావరాదూ" అంది. మన తల్లులు ఈ మాట వారానికి నాలుగుసార్లు అంటారు, అని అన్నం పెడతారు. ఆమె కూడా పెట్టింది. వాడు మాట్లాడకుండా తిని పడుకున్నాడు. తెల్లవారుజామున లేచి పీతలకి వెళ్ళాడు. తల్లికి పీతల పులుసంటే ప్రాణం. ఆమె కోపం తీర్చడానికి వాడికి తెలిసిన దారి అదొక్కటే. చెరువు గట్టు మీదుగా అడ్డదారిన వస్తూ తీగ తొక్కాడు. పక్కన పడి ఉన్న గోనెసంచిలో పీతలు ఇంకా కదులుతున్నాయి.

ఏసుపాదం కరెంటు ఆపాడు. పిల్లాణ్ణి వెల్లకిలా తిప్పి గుండెల మీద గుద్దాడు, నోట్లో గాలి ఊదాడు, పేరు పెట్టి పిలిచాడు. లాభం లేకపోయింది. అప్పుడే పేటలోకి పరిగెత్తి కాళ్ళమీద పడి ఉంటే తన్ని జైలుకి పంపేవాళ్ళు, అక్కడితో పోయేది. అతను పరిగెత్తలేదు. దయామణి అరిచిన అరుపు ముందు రోజు అతనూ విన్నాడు. ఆ మాట ఆ నిమిషంలో గుర్తొచ్చింది. గుర్తొచ్చేసరికి, సిగ్గులేకుండా చెప్పాలంటే, ప్రాణం తేలికపడింది. జాన్సన్‌ని భుజాన వేసుకెళ్ళి తుమ్మల చాటున డ్రెయిన్లోకి దించాడు. సంచిని అవతలికి విసిరేశాడు. ఈతొచ్చిన కుర్రాడు కాలుజారి మునిగాడంటే ఎవరూ నమ్మరు. అందుకని వాడి చెప్పులు తీసుకెళ్ళి కల్వర్టు పిట్టగోడ పక్కన జతగా, నీళ్ళవైపు తిప్పి పెట్టాడు. చేసిన వాటన్నిట్లోకీ ఇదే ఘోరమని అతనికి అప్పుడు తెలియలేదు.

చెప్పులు చూసి పేటంతా ఒకే మాట అనుకుంది. మర్నాడు శవం తేలింది. పోస్టుమార్టం అని కొడుకుని కొయ్యొద్దని దయామణి నేలమీద పడి దొర్లింది. పోలీసులు నీళ్ళలో పడి చనిపోయాడని రాసుకుని, పెద్దల చేత సంతకాలు పెట్టించుకుని వెళ్ళారు. తోట గేటు తియ్యలేదు. గట్టున సర్కారుతుమ్మల మధ్య గొయ్యి తవ్వినవాళ్ళలో ఏసుపాదం కూడా ఉన్నాడు. తాగకుండా తవ్వలేకపోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళు తాగుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ మత్తులోనే ఒక రాత్రి ప్రేమమ్మకి మాత్రం చెప్పాడు. మూడో ఏడు బందరులో ఉజ్జీవ సభలకి ప్రేమమ్మ అతన్ని లాక్కుపోయింది. ఎవరు ప్రసంగించారో ఏం చెప్పారో అతనికి గుర్తులేదు. నీకోసం ఒకడు చచ్చాడన్న మాట మాత్రం చెవిన పడింది. నాకోసం కాదు, నావల్ల ఒకడు చచ్చాడు అనుకుంటూ జనంలో కుప్పకూలి ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు, భార్య మీద చెయ్యెత్తలేదు, చెరువు కాపలా మానేసి మేస్త్రీ పనికి వెళ్ళాడు. కాలవలో బాప్తిస్మం ఇచ్చే ముందు పాస్టరు గారు, "పాపాలన్నీ ఒప్పుకున్నావా?" అని అడిగితే, "ఒప్పుకున్నానయ్యగారూ" అన్నాడు. అదీ నిజమే. జాన్సన్ సంగతి తీగ దగ్గర్నుంచి చెప్పుల దాకా దేవుడికి వెయ్యిసార్లు చెప్పుకున్నాడు. దేవుడికి చెప్పుకోవడంలో ఒక సౌకర్యం ఉంది, ఆయన పేటలో ఎవరికీ చెప్పడు.

మనిషి మారాడని ఊరూవాడా అనుకున్నారు. సాక్ష్యం చెప్పమని అవనిగడ్డ పిలిచింది, కృత్తివెన్ను పిలిచింది, గుడివాడ పిలిచింది. తాగుడూ తగాదాలూ భార్యని కొట్టడం అన్నీ చెప్పేవాడు. జనం ఏడ్చేవాళ్ళు. అతనూ ఏడ్చేవాడు. సరిగ్గా చెరువు దగ్గరికి వచ్చేసరికి కథ మలుపు తిరిగి నేరుగా బందరు సభలకి వెళ్ళిపోయేది.

"వెళ్ళి చెప్పేస్తాను" అన్నాడు ఏసుపాదం ఆ సాయంత్రం.

ప్రేమమ్మ మాడిన రొట్టె పక్కన పెట్టి కొత్తది వత్తుతోంది. "చెప్తే వాడు లేచొస్తాడా?" అంది. "నిన్ను తీసుకుపోతారు. గుడివాడ ఆస్పత్రిలో మన పిల్ల బ్లెస్సీ తలెత్తుకుని డ్యూటీ చెయ్యగలదా? ప్రభువు క్షమించాడన్నావు. క్షమించాడా లేదా?"

"క్షమించాడు."

"మరింకేంటి?"

అతను చెప్పులేసుకుని పాస్టరు గారింటికి వెళ్ళాడు.

పాస్టరు రత్నరాజు గారు పదిహేనేళ్ళుగా ఆ సంఘాన్ని కాస్తున్నారు. మెత్తటి మనిషి, ఎవరింట్లో జ్వరం వచ్చినా సైకిలేసుకుని వెళ్తారు. ఏసుపాదం చెప్పిందంతా కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నారు.

"దేవునితో ఒప్పుకున్నావు కదా" అన్నారు. "ఆయన సముద్రంలో పారేసినదాన్ని నువ్వు వలేసి లాగడమెందుకు?"

"ఆవిడతో ఒప్పుకోలేదయ్యగారూ. ఆవిడ రక్షణ వద్దంటోంది. నావల్ల ఒక ప్రాణం పోయింది, ఇప్పుడు ఒక ఆత్మ కూడా పోతోంది."

"నువ్వు చెప్తే సంఘం ఏమవుతుందో ఆలోచించావా? వచ్చే గురువారం గుడివాడ సభల్లో నీ సాక్ష్యం ఉంది, పోస్టర్లు కూడా అంటించేశారు." ఆయన గొంతు తగ్గింది. "ఆ అబ్బాయిని గేటు దగ్గర ఆపింది నేనయ్యా. దూకలేదని ఇప్పుడు తెలిస్తే ఆ తల్లి మొహం నేనెలా చూడాలి?"

పాస్టరు గారే ఒక దారి చెప్పారు.

"దర్శనంలో చూశానని చెప్పు. నీళ్ళలో ఆఖరి నిమిషాన ఆ అబ్బాయి ప్రభువా అన్నాడని, ఆయన చేర్చుకున్నాడని. చేర్చుకోలేదని మనమెవరం అనగలం? ఆవిడకి ఆదరణ దొరుకుతుంది. సంఘానికి నెమ్మది ఉంటుంది."

దర్శనాలంటే ఆ పేటలో కొత్త కాదు. ఉపవాస కూటం జరిగిన ప్రతిసారీ ఒకరికో ఇద్దరికో వస్తాయి, వచ్చినవాళ్ళు చెప్తారు, మిగతావాళ్ళు స్తోత్రం అంటారు. ఏసుపాదానికి ఈ ఉపాయం నచ్చింది. అబద్ధమని తెలిసే నచ్చింది. తల్లికి కొడుకుని ఇచ్చేయచ్చు, తన చేతికి మట్టి అంటదు. అటునుంచి అటే దయామణి ఇంటికి నడిచాడు.

ఆమె వాకిట్లో బియ్యం ఏరుతోంది. పక్కనే పీట మీద కూర్చుని, తలొంచుకుని, దర్శనం చెప్పాడు. సాక్ష్యాలకి అలవాటుపడ్డ గొంతు కదా, ఎక్కడా తడబడలేదు. తెల్లటి వెలుగు, వెలుగులో జాన్సన్.

దయామణి చేతిలో చేట జారి బియ్యం ఒలికిపోయాయి. "మావాడా? నా జాన్సనేనా? సరిగ్గా చూశారా?"

"చూశాను చెల్లెమ్మా."

"ఏం తొడుక్కున్నాడు?"

"తెల్లబట్టలు."

"చిక్కిపోయాడా?"

"లేదు. బాగున్నాడు."

"కాళ్ళకి చెప్పులున్నాయా అన్నయ్యా? వట్టి కాళ్ళతో దూకాడు పిచ్చివెధవ. చెప్పులు కల్వర్టు మీద పెట్టి దూకాడు. ఇన్నేళ్ళూ నాకదే బెంగ."

"ఉన్నాయి" అన్నాడు.

దయామణి ఏడుస్తూనే నవ్వింది. తొమ్మిదేళ్ళలో ఆమె పళ్ళు కనిపించగా అతను చూడటం అదే. వద్దన్నా వినకుండా అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మీ నోట్లో పంచదార పొయ్య. రేపు బల్లకి వస్తాను. పేరు కొట్టెయ్యొద్దు" అంది. అతను చేతులు విడిపించుకుని ఇంటికొచ్చి నూతి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. ప్రేమమ్మ వచ్చి బకెట్టు లాక్కోవాల్సి వచ్చింది.

ఆదివారం దయామణి అందరికంటే ముందొచ్చింది. ఉతికి గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో చాప మీద కూర్చుంది. దర్శనం సంగతి పొద్దున్నే పేటంతా పాకింది. ఏసుపాదం లోపలికి వస్తుంటే జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. మామూలుగా అయితే అతను లోలోపల కాస్త పొంగేవాడు. ఆ రోజు ఎవరి వైపూ చూడకుండా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ప్రసంగం అయింది. పాస్టరు గారు రొట్టె విరిచి ప్రార్థించి పళ్ళెం అతని చేతికిచ్చారు. ఒప్పుకోని పాపం ఉన్నవాళ్ళు దీన్ని ముట్టొద్దని ఎప్పటిలాగే హెచ్చరిక చదివారు. చదువుతున్నప్పుడు ఆయన ఏసుపాదం వైపు చూడలేదు. పాట మొదలైంది. పళ్ళెం పట్టుకుని మొదటి వరస దగ్గరికి వెళ్ళాడు. దయామణి రెండు చేతులూ దోసిలి పట్టింది. ఆమె మొహం ప్రశాంతంగా ఉంది. తాను చెప్పిన అబద్ధం మీద నమ్మకం పెట్టుకుని ఆ చేతులు అక్కడికి వచ్చాయి. ఇది తీసుకుని, ఈ అబద్ధంతోనే చచ్చిపోతుంది. దూకాడనే నమ్ముతూ, చావమన్నది తానేనన్న మాట గుండెల్లో పెట్టుకునే పోతుంది.

ఏసుపాదం పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు.

దయామణి మొహం పాలిపోయింది. "ఇయ్యరా అన్నయ్యా? నేను పనికిరానా?" అంది. పాట ఆగిపోయింది. పెద్దావిడకి బల్ల నిరాకరిస్తున్నాడేంటని వెనక గుసగుసలు లేచాయి.

"నేను పనికిరాను" అన్నాడు ఏసుపాదం. పళ్ళెం నేలమీద పెట్టి ఆమె ముందు మోకరించాడు. "నేను ఏ దర్శనమూ చూడలేదమ్మా. అది అబద్ధం. జాన్సన్ దూకలేదు. వాణ్ణి నేను చంపాను."

పాస్టరు గారు "ఏసుపాదం" అని ఒక్కసారి పిలిచారు. మళ్ళీ పిలవలేదు.

తీగ సంగతి చెప్పాడు. తాగి లేవకపోవడం చెప్పాడు. ఈసారి కథ ఎక్కడా మలుపు తిరగలేదు. ఏడుపు రాలేదు, మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. భుజాన వేసుకోవడం, డ్రెయిన్లోకి దించడం, అన్నీ చెప్పాడు.

"దూకలేదా?" అంది దయామణి.

"లేదమ్మా."

"మరి చెప్పులు?"

"నేనే పెట్టాను. అందరూ దూకాడనుకోవాలని."

"దూకలేదా?" అని మళ్ళీ అడిగింది, మొదటిసారి వినపడనట్టు.

"లేదు. నీ మాటకి చావలేదు వాడు. నీకోసం పీతలు పట్టుకొస్తున్నాడు. సంచి నిండా ఉన్నాయి. అది కూడా నేనే పారేశాను."

దయామణి నోటి నుంచి వచ్చిన శబ్దం ఏడుపో ఇంకేదో ఎవరూ చెప్పలేకపోయారు. లేచి అతన్ని ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా, తిట్టకుండా, పక్కగా నడుచుకుంటూ బయటికి వెళ్ళింది. చెప్పులేసుకోకుండా డ్రెయిను గట్టున తుమ్మల్లోకి వెళ్ళి, కొడుకుని పెట్టిన చోట మట్టిమీద బోర్లా పడుకుంది. కొట్టే పని మగాళ్ళు చూసుకున్నారు. చర్చి వాకిట్లో పడేసి చాలాసేపు కొట్టారు. ఏసుపాదం అడ్డుకోలేదు. చివరికి పాస్టరు గారే మధ్యలోకి వచ్చి, రెండు దెబ్బలు తానూ తిని, అతన్ని ఆటో ఎక్కించి పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళారు.

ఆ తర్వాత జరిగినవన్నీ త్వరత్వరగా జరిగాయి. నాగభూషణరావు గారు గుడివాడ నుంచి మనిషిని పంపి, మతి చలించి ఏదో వాగానని చెప్తే వకీలుని పెడతానన్నారు. తీగ తీయమని ఆయన ముందే చెప్పారని, అందులో ఆయన తప్పేమీ లేదని స్టేట్‌మెంటులో రాయించి, ఏసుపాదం వకీలు వద్దన్నాడు. గుడివాడలో పోస్టర్ల మీద అతని బొమ్మకి తెల్లకాగితం అంటించారు. బ్లెస్సీ తండ్రి పేరెత్తితే ఫోను పెట్టేస్తోందని ప్రేమమ్మ చెప్పింది. కోర్టు రిమాండు వేసి బందరు జైలుకి పంపింది. అక్కడ అతను మొదటి వారం రోజూ ప్రార్థించబోయి ఊరుకున్నాడు. క్షమాపణ ఉందని అతనికి ఇంకా నమ్మకమే. ఇన్నాళ్ళూ దాన్ని దయామణికి అందకుండా దాచుకుని తానొక్కడే తిన్నాడని తెలిసొచ్చి, దేవుడి ముందు నోరు పెగల్లేదు.

రెండు నెలల తర్వాత ఒక మంగళవారం ములాఖత్తుకి పిలిచారు. ప్రేమమ్మ వచ్చిందనుకుని వెళ్ళాడు. ప్రేమమ్మ దూరంగా గోడ దగ్గర నిలబడి ఉంది. ఇనుప జాలీకి అవతల స్టూలు మీద దయామణి కూర్చుని ఉంది. ఒంటిమీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. ఈ మధ్య ఆమెకి వండిపెట్టేదీ బట్టలుతికేదీ ప్రేమమ్మే. ఆమె వద్దంటుంది, ఈమె వినదు.

"మావాణ్ణి తోటలోకి మార్చారు" అంది దయామణి. అన్నయ్యా అనలేదు. "ఆఫీసరు వచ్చి గొయ్యి తవ్వించి రాసుకున్నాక, పెట్టెలో పెట్టి తీసుకెళ్ళారు. పాటలు పాడారు. పాస్టరు గారు ప్రార్థన చెయ్యలేక కూలబడ్డాడు."

"ప్రేమమ్మ చెప్పిందమ్మా."

"పక్కన నాకూ చోటు చూశారు. ఇంక ఎన్నాళ్ళో లేదు." కాసేపు ఆయాసం తీర్చుకుంది. "ఇన్నాళ్ళూ నరకానికి పోదామనుకున్నాను. అదైతే తేలిక, ఏమీ చెయ్యక్కర్లేదు. ఇప్పుడేమో వాడు అక్కడ లేడాయె. పరలోకానికి పోవాలంటే నిన్ను క్షమించాలంట. పాస్టరు గారన్నాడు, నేనూ వాక్యం చదివించుకుని విన్నాను. క్షమించనివాళ్ళకి క్షమాపణ లేదంట. చూశావా? నా కొడుకు దగ్గరికి పోదామంటే మళ్ళీ నువ్వే అడ్డం."

ఏసుపాదం జాలీ పట్టుకున్నాడు. క్షమించమని అడగడానికి ఎన్నో రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాడు. ఆ మాటలు ఆమె మీద ఇంకో బరువు పెట్టడమేనని ఇప్పుడు అర్థమై నోరు మూసుకున్నాడు.

"నోటితో అంటే సరిపోద్దంటావా?" అని అడిగింది. "సభల్లో చెప్పినవాడివి, నీకు తెలుస్తుందిగా. లోపల ఏమీ లేకుండా, వట్టి నోటితో?"

సరిపోతుందమ్మా అనడానికి ఒక్క క్షణం పట్టదు. ఆమె తేలికపడి వెళ్ళిపోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "సరిపోదేమో."

దయామణి అతన్ని అలాగే చూసింది. "ఇది నిజమే చెప్పావు" అంది. కొంగుతో నోరు తుడుచుకుంది. "నావల్ల కావడంలేదు. నిన్ను చూస్తే ఆ పీతల సంచే కనపడుతోంది. వాణ్ణి నువ్వు పీకపిసికి చంపినా పోనీలే అనుకుందునేమో. నాకు చేతకావడంలేదని నువ్వే అడుగు ఆయన్ని. నేను నీ పేరెత్తి ప్రార్థన చెయ్యలేను."

పోలీసు వచ్చి టైమయిందన్నాడు. ఒక్క నిమిషం బాబూ అని ప్రేమమ్మ గోడ దగ్గర్నుంచి దండం పెట్టింది.

ఏసుపాదం కళ్ళు మూసుకున్నాడు. సభల్లో గంటసేపు ఆగకుండా ప్రార్థించిన మనిషికి మొదటి మాట దొరకలేదు. దొరికాక నెమ్మదిగా అన్నాడు: "ప్రభువా, ఈ తల్లిని ఆవిడ కొడుకు దగ్గరికి చేర్చు. నా మూలంగా ఆపొద్దు. ఆవిడ రావడానికి నన్ను వదిలెయ్యాల్సి వస్తే వదిలెయ్యి. నన్ను నరకానికే..."

"ఆపు" అంది దయామణి.

కళ్ళు తెరిచాడు. ఆమె జాలీకి దగ్గరగా వంగి ఉంది, కళ్ళనిండా నీళ్ళూ కోపమూ.

"అదేం ప్రార్థన? నువ్వు నరకానికి పోతే నేను క్షమించనట్టేగా? నన్ను మళ్ళీ ఇరికిస్తావా?" ఊపిరి అందక ఆగింది. "నిన్ను కూడా రానియ్యమని అడుగు. వాడికి దూరంగా కూర్చోబెట్టమను. వాడు చూసేవైపు కాకుండా. అలా అడుగు."

ఏసుపాదం మళ్ళీ కళ్ళు మూసుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టే అడిగాడు. దయామణి ఆమేన్ అంది.